ఒక్క 'లేదా' కోసం

"ఇకమీదట ఇవన్నీ మీరు చదవక్కర్లేదండీ," అన్నాడతను, బల్లమీద గుట్టగా పడున్న గెజిట్ కాగితాలు చూపిస్తూ. సాయం చేస్తున్నానన్న సంబరంలో కాస్త గట్టిగానే అన్నాడు.

ఆ గుట్ట వెనకనుంచి ముందు ఒక ఎర్ర పెన్సిల్, తర్వాత రెండు కళ్ళు పైకి లేచాయి.

"చదవక్కర్లేదా? మరి నేనేం చెయ్యాలి? మీ మిషన్‌కి టీ కలిపివ్వాలా?"

గదిలో మిగతావాళ్ళంతా తలలు దించుకుని నవ్వుకున్నారు. అతని చెవులు వేడెక్కాయి. కొత్త ఆఫీసులో అడుగుపెట్టి ఇంకా పది నిమిషాలు కాలేదు.

అదొక చిన్న సంస్థ. మూడో అంతస్తులో రెండు గదులు, ఒక వరండా. ప్రభుత్వం తెచ్చే ప్రతి బిల్లూ, ప్రతి ఉత్తర్వూ, ప్రతి సవరణా చదివి, అది ఎవరి నెత్తిన పడబోతోందో వాళ్ళకి ముందుగా చెప్పడం అక్కడి పని. నర్సుల సంఘాలు, చిన్న బడులు, లారీ డ్రైవర్లు, బేకరీలవాళ్ళు... సొంతంగా లాయర్లని పెట్టుకోలేనివాళ్ళంతా వీళ్ళనే నమ్ముకున్నారు. కాగితాలేమో రోజుకి రెండొందల పైచిలుకు వస్తున్నాయి. చదివేవాళ్ళు ముగ్గురు. అందుకని సంస్థ పెద్దాయన, వచ్చినవన్నీ తనే చదివి మార్పులు పట్టుకునే ఏఐ ఒకటి కావాలన్నారు. దాన్ని అమర్చి, పని నేర్పి వెళ్ళడానికి మూడు నెలల ఒప్పందం మీద వచ్చిన ఇంజనీరు ఇతను.

ఎర్ర పెన్సిల్ అమ్మాయి అక్కడ ఆరేళ్ళుగా చదువుతోంది. ఆఫీసులో అందరూ ఆమెని 'పెన్సిల్' అనే పిలుస్తారు.

"సరే, పందెం వేసుకుందాం," అన్నారు పెద్దాయన, కళ్ళలో చిలిపితనం దాచుకోకుండా. "ఈరోజు కాగితాలు ఇద్దరూ చదవండి. మిషనూ, పెన్సిలూ."

పదకొండు నిమిషాల్లో మిషన్ రెండువందల పన్నెండు కాగితాలు చదివేసింది. ఆమె ఆరు చదివింది. అతను గెలిచినవాడి మొహం పెట్టకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాడు.

ఆమె కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చుంది. తెరమీద మిషన్ రాసిన సారాంశాలు ఒక్కొక్కటే చూస్తూ పోయి, ఒక దగ్గర ఆగింది.

"బడి బస్సులకి కొత్త వేగపరిమితి వచ్చే నెల ఒకటి నుంచి అమలు... అని రాసింది కదా మీ మిషన్?"

"అవునండి."

"ఇదిగో అసలు కాగితం. 'అమలు చేయవలెనని ప్రతిపాదించడమైనది'. ఇది ముసాయిదా అండీ. ఇంకా అమలెక్కడ? దీని ఆత్రం చూస్తే, పెళ్ళి మాట అనుకోగానే పిల్లల పేర్లు పెట్టేసేలా ఉంది."

ఈసారి ఎవరూ తలలు దించుకోలేదు, పైకే నవ్వారు. అతను దిగులుగా తెరవైపు చూశాడు. అది చూసి ఆమె గొంతు తగ్గించింది.

"పాపం, దాన్నలా చూడకండి. ఇంకా చిన్నది. నేర్చుకుంటుందిలెండి."

మిషన్ గురించి ఆ మాట అంత మెత్తగా అన్నవాళ్ళని అతను అంతవరకు చూడలేదు. ఆ సాయంత్రం మెట్లు దిగుతూ రెండో అంతస్తు దగ్గర ఆగిపోయాడు, ఎందుకాగాడో తనకే తెలీక. కిటికీలోంచి ఎండ వంకరగా పడుతోంది. ఆ వెలుగులో దుమ్ము కణాలు తీరిగ్గా తేలుతున్నాయి. కాసేపు వాటినే చూస్తూ నిలబడి, తర్వాత దిగిపోయాడు.

*

మిషన్‌కి నేర్పే పద్ధతి ఒకటుంది. అది పట్టుకున్న ప్రతి మార్పు కిందా ఒక చిన్న ఖాళీ పెట్టె ఉంటుంది. చదివినవాళ్ళు అందులో 'పనికొస్తుంది' అనో 'పనికిరాదు' అనో రాసి, ఎందుకో ఒక ముక్క చెప్పాలి. దాన్నిబట్టి మిషన్‌ని సరిచేస్తారు.

మిగతావాళ్ళు ఒక్క ముక్కతోనే సరిపెట్టారు. ఆమె అలా కాదు.

'పనికిరాదు. ఇది వార్త కాదు, నిద్రమాత్ర.'

'పనికొస్తుంది. "తగిన సమయంలో" అని రాశారంటే ఎప్పటికీ చెయ్యరని అర్థం. మిషన్‌కి ఇది రాసి పెట్టుకోమనండి.'

'పనికొస్తుంది. శభాష్. ఇది నేను కూడా చూసేదాన్ని కాదు. దానికి చెప్పండి, నాకు చెప్పకండి.'

సాయంత్రం గదికెళ్ళాక అతను వాటిని చదివేవాడు. మిషన్‌కి నేర్పడానికి ఒకసారి చదివితే చాలు. అతను మూడుసార్లు చదివేవాడు. గాలికి కర్టెన్ లోపలికీ బయటికీ ఊగుతుంటే, ఎదురింటి రేడియో ఏదో పాట మూలుగుతుంటే, పాల ధరల ఉత్తర్వు కింద ఆమె రాసిన రెండు వాక్యాలు తలుచుకుని ఒక్కడే నవ్వుకునేవాడు. పాల ధరల ఉత్తర్వుకి అంత అందం ఉంటుందని లోకంలో ఎవరైనా అనుకున్నారా?

కొన్నాళ్ళకి తనూ ఆ పెట్టెలో జవాబులు రాయడం మొదలుపెట్టాడు.

'దానికి చెప్పాను. సిగ్గుపడింది.'

మర్నాడు దాని కింద ఇంకో లైను ఉంది. 'మిషన్ సిగ్గుపడిందా? లేక మరమనిషిగారు సిగ్గుపడ్డారా?'

అప్పట్నించి ఆఫీసులో అతని పేరు మరమనిషిగారు.

రెండో నెల్లో ఒకరోజు ఆమె అతని బల్ల దగ్గరకొచ్చి, చేతిలో కాగితం అతని మొహానికి దూరంగా పట్టుకుంది.

"ఇది చదవండి."

"ఏముంది... 'రహదారుల'... కాదు, 'రహస్యాల'..."

"'రహదారుల'. అంత పెద్దక్షరాలు! ఎప్పట్నించీ ఇలా కళ్ళు చికిలించుకుని బతుకుతున్నారు?"

"దూరం నుంచి అన్నీ కొంచెం మెత్తగా కనిపిస్తాయండి. నాకలా బాగానే ఉంటుంది."

"బాగుంటుందా! రోడ్డు దాటేటప్పుడు బస్సు కూడా మెత్తగానే కనిపిస్తుందా?" ఆమె ఒక చీటీమీద అడ్రసు రాసిచ్చింది. "ఈ షాపుకెళ్ళండి. ఇవాళే. రేపు వచ్చేసరికి కళ్ళజోడు ఆర్డరిచ్చిన రసీదు చూపించాలి నాకు."

అలా ఆర్డరేస్తుంటే ఆమె కనుబొమలు దగ్గరకొచ్చాయి. అవి మాత్రం అతనికి చాలా స్పష్టంగా కనిపించాయి.

షాపు ఒక మలుపులో ఉంది. సన్నటి గది, గోడలనిండా ఫ్రేములు. వెనకగదిలోంచి అద్దం అరగదీసే చక్రం చప్పుడు సన్నగా వినిపిస్తోంది. నెరిసిన జుట్టు పెద్దమనిషి ఎదురొచ్చాడు.

"నమస్కారం డాక్టరుగారూ," అన్నాడతను.

"డాక్టర్ని కాను బాబూ, అద్దాలవాణ్ణి. కంట్లో జబ్బుంటే డాక్టరు దగ్గరికి పంపిస్తాను. పవర్ చూసి అద్దాలివ్వడం వరకే నా పని. ముప్ఫయ్యేళ్ళుగా అదే చేస్తున్నాను. కూర్చో."

దీపం తగ్గించి, అతని ముక్కుమీద బరువైన ఇనుప ఫ్రేము పెట్టాడు. గది చివర అక్షరాల బోర్డు వెలిగింది. దాని పక్కన ఎవరో పుల్ల పట్టుకుని నిలబడ్డారు. పొగమంచులో నీడలా.

"మొదటి వరస చదువు. ఇదిగో, ఈ అద్దం. బాగుందా? ఇప్పుడో?"

ఒక్కో అద్దం పడేకొద్దీ ఆ నీడకి అంచులు వచ్చాయి. ముందు భుజాలు. తర్వాత జడ. తర్వాత, నవ్వు ఆపుకుంటున్న పెదవులు.

పెన్సిల్!

"బాబూ, చదవవేం?"

"ఆ... చాలా బాగుందండి."

"అది సరే. బోర్డుమీద ఏముందో చెప్పు."

పుల్ల పట్టుకున్న చెయ్యి నవ్వుతో వణికింది. "నాన్నా, ఈయన మా ఆఫీసు ఆయనే. రెండో వరస నుంచి మళ్ళీ అడుగు."

ఆయన కూతుర్ని చూశాడు, అతన్ని చూశాడు, ఇంకో అద్దం మార్చాడు. వెనకగదిలో చక్రం చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

"అక్కడున్నది అమ్మ," అంది ఆమె, అతన్ని బయటిదాకా సాగనంపుతూ. "అద్దాలన్నీ తనే అరగదీస్తుంది. ఈ వీధిలో సగంమంది మా ఇంట్లోంచే లోకాన్ని చూస్తున్నారు."

బయట వాన మొదలైంది. షాపు చూరు కింద ఇద్దరూ నిలబడ్డారు. వీధి దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. అద్దాల్లేని అతని కళ్ళకి ప్రతి దీపమూ ఒక పెద్ద పువ్వులా విచ్చుకుని ఉంది. ఆ సంగతి చెప్పాడు.

ఆమె కళ్ళు చికిలించి చూసింది. "నాకు దీపంలాగే కనిపిస్తోంది."

"అయ్యో పాపం."

"పాపమా? నాకా!" అని ఆమె నవ్వింది. వాన తగ్గేదాకా ఆమె లోపలికి వెళ్ళలేదు. వెళ్ళమని అతనూ అనలేదు.

*

ఈ మధ్యలో ఒక పని జరిగింది. మిషన్ ప్రతి చిన్న మార్పుకీ అలర్టు పంపుతోంది. కామా మారినా అలర్టు, పేజీ నంబరు మారినా అలర్టు. రోజుకి తొంభై వస్తున్నాయి.

"దీని అరుపులు తగ్గించండి బాబూ, తల పగిలిపోతోంది," అంది ఆమె ఒకరోజు.

అతను ఒక ఫిల్టర్ పెట్టాడు. ఒక్క మాట మాత్రమే మారిన చోట, మార్పు చిన్నదని లెక్కేసి, చూపించకుండా పక్కన పడేస్తుంది. తొంభై అలర్టులు పద్నాలుగుకి దిగాయి. ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. ఆమె అతని బల్లమీద ఒక కొత్త ఎర్ర పెన్సిల్ పెట్టి వెళ్ళింది.

ఒప్పందం ఇంకో పది రోజుల్లో ముగుస్తుందనగా, పని అప్పగించి వెళ్ళేముందు అన్నీ ఒకసారి సరిచూసుకుందామని, పక్కన పడేసిన ఆ జాబితా తెరిచాడు. మధ్యాహ్నం వేళ. అందరూ భోజనాలకి వెళ్ళారు. జాబితా పొడుగ్గా ఉంది. 'గారు' బదులు 'శ్రీ'. 'కలదు' బదులు 'ఉన్నది'. నిజంగానే చిన్నవి. ఆవలిస్తూ కిందికి జరుపుతున్నాడు.

ఒక దగ్గర చెయ్యి ఆగిపోయింది.

నేత్ర సంరక్షణ బిల్లు, సవరించిన ముసాయిదా. పద్నాలుగో సెక్షన్. కళ్ళజోళ్ళ కోసం చూపు పరీక్ష ఎవరు చెయ్యొచ్చు? పాత ముసాయిదాలో 'కంటి వైద్యుడు లేదా నమోదైన కళ్ళద్దాల నిపుణుడు'. కొత్తదాంట్లో 'కంటి వైద్యుడు మరియు నమోదైన కళ్ళద్దాల నిపుణుడు'.

ఒక్కటే మాట. 'లేదా' పోయి 'మరియు' వచ్చింది.

అంటే పక్కన డాక్టరు లేకుండా ఏ కళ్ళద్దాల షాపువాడూ ఇకమీద పవర్ చూడకూడదు. ముప్ఫయ్యేళ్ళుగా చూస్తున్న ఆ పెద్దమనిషీ చూడకూడదు. అసలు డాక్టరే లేని ఊళ్ళలో జనం కళ్ళజోడు కోసం ఎక్కడికి పోవాలి?

తేదీ చూశాడు. మిషన్ దీన్ని పందొమ్మిది రోజుల క్రితమే పట్టుకుంది. పట్టుకుని, అతను చెప్పినట్టే బుద్ధిగా పక్కన పడేసింది. అభ్యంతరాలు చెప్పుకోడానికి ఇచ్చిన గడువు ఇరవైమూడు రోజులు. ఇంకా నాలుగే మిగిలాయి.

ఫిల్టర్ తీసేసి మిషన్‌ని మళ్ళీ నడిపితే, ఈ అలర్టు ఇవాళే వచ్చినట్టు ఇవాళ్టి తేదీతో బయటికొస్తుంది. ఎవరికీ తెలీదు. పైగా మిషన్ గొప్పగా పట్టుకుందని ఆమె పెట్టెలో 'శభాష్' అని రాస్తుంది కూడా. ఆ శభాష్ అతని కళ్ళముందు మెదిలింది. ఎర్ర అక్షరాల్లో కూడా ఊహించుకున్నాడు.

మెట్లమీద అడుగుల చప్పుడు. ఆమే ముందుగా వచ్చింది, ఏదో కూనిరాగం తీసుకుంటూ.

"ఏంటి మరమనిషిగారూ, మొహం అలా పాలిపోయింది?"

అతను లేచి నిలబడి తెరని ఆమెవైపు తిప్పాడు. "ఇది పందొమ్మిది రోజుల క్రితం వచ్చిందండి. నా ఫిల్టర్ దాచేసింది. మిషన్ తప్పేమీ లేదు. నాదే."

ఆమె చదివింది. మళ్ళీ చదివింది. కూనిరాగం ఎప్పుడాగిందో తెలీదు.

"ఒక్క మాటే మారితే చిన్న మార్పని ఎవరు చెప్పారు మీకు?" ఆమె గొంతు పెరగలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. "'కలదు'ని 'లేదు' అని మారిస్తే? అదీ ఒక్క మాటే కదా?"

"అవునండి."

"పందొమ్మిది రోజులు! మా నాన్న లాంటివాళ్ళు ఎంతమందుంటారో తెలుసా మీకు?"

"తెలీదండి," అన్నాడు. "కానీ లెక్క తియ్యగలం. నాలుగు రోజులున్నాయి."

*

లెక్క తీశారు.

ప్రభుత్వం దగ్గరే అన్నీ ఉన్నాయి. కంటి వైద్యుల పట్టిక ఒక శాఖలో, కళ్ళద్దాల షాపుల పట్టిక ఇంకో శాఖలో. ఒకదాన్నొకటి ఎప్పుడూ పలకరించుకోలేదంతే. మిషన్ రెండింటినీ ఊరికి ఊరు జతచేసింది. మూడువందల తొమ్మిది ఊళ్ళలో, నూటనలభై ఒక్క ఊళ్ళలో కళ్ళద్దాల షాపుంది, డాక్టరు లేడు.

"నమ్మను," అంది ఆమె. "ఫోన్ చేసి అడుగుతాను."

సగం ఊళ్ళు తను తీసుకుని సగం అతనికిచ్చింది. పొద్దున్నించి సాయంత్రందాకా పక్కపక్క బల్లల దగ్గర ఇద్దరూ ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. ఆమె అతనితో పని మాట తప్ప ఇంకోటి మాట్లాడలేదు. "ఆ జాబితా." "పంపానండి." "ఆ ఊరు?" "డాక్టరు లేరండి." అంతే. మిషన్ కింది పెట్టెల్లో కూడా 'పనికొస్తుంది', 'పనికిరాదు', ఒక్కొక్క ముక్కే. అతనికి ఇల్లంతా దీపాలార్పేసినట్టుంది.

రెండోరోజు సాయంత్రానికి తొమ్మిది ఊళ్ళు తప్పని తేలింది. అక్కడ వారానికి రెండుసార్లు డాక్టరొస్తాడు, పట్టికలో ఎక్కలేదు.

"తొమ్మిదీ తీసేయండి."

"నూటముప్ఫై రెండవుతుందండి. నూటనలభై అంటే కొంచెం..."

"ఒక్కటి తప్పని దొరికితే మిగతావన్నీ తప్పంటారు. తీసేయండి."

తీసేశాడు. గొంతులో కోపమున్నా ఆమె చెప్పింది నిజమే. ఆ కోపం ఉండగానే ఆమె అంత సరిగ్గా ఆలోచించగలగడం చూసి, తప్పు చేసినవాడు ప్రేమించడానికి ఇదా వేళ అని తనని తనే తిట్టుకున్నాడు.

నాలుగోరోజు పొద్దున చట్టసభ భవనంలో, ఆ బిల్లుమీద అభ్యంతరాలు వినే కమిటీ విచారణ. ఎత్తైన పైకప్పు, పొడుగు బల్ల, ఆ చివర కమిటీ సభ్యులు. మధ్యలో తెల్లజుట్టు అధ్యక్షురాలు. ఇటువైపు పెద్దాయన, ఆమె, అతను, వాళ్ళతోపాటు ఇస్త్రీ చొక్కా వేసుకుని బిగుసుకుని కూర్చున్న ఆమె నాన్న.

ముందు ఆయన్నే మాట్లాడమన్నారు.

"నేను డాక్టర్ని కానండి," అన్నాడాయన లేచి. "అద్దాలవాణ్ణి. నా దగ్గరకొచ్చేవాళ్ళలో కుట్టుపనివాళ్ళున్నారు. సూదిలో దారం ఎక్కట్లేదని వస్తారు. పదో తరగతి పిల్లలొస్తారు, బోర్డు కనబడక. అరగంటలో పవర్ చూసి పంపిస్తాను. రేపణ్నించి 'డాక్టర్ని తోడు తెచ్చుకోండి' అనాలి. ఆ మాట ఎలా అనాలో నాకు తెలీదండి." ఇంకేదో చెప్పబోయి, గుర్తురాక, కూర్చున్నాడు.

ఆమె ఆ నూటముప్ఫై రెండు ఊళ్ళ జాబితా చదివింది. ఒక సభ్యుడు మధ్యలో అడ్డుపడ్డాడు.

"ఇవన్నీ కంప్యూటర్ చెప్పిన లెక్కలేగా? మా ఊళ్ళో డాక్టరు ఉన్నారమ్మా, నాకు తెలుసు."

"అందుకే మీ ఊరు ఇందులో లేదండి," అంది ఆమె. "మొన్న సాయంత్రం ఫోన్ చేసి కనుక్కుని తీసేశాం. కంప్యూటర్ చెప్పినవన్నీ అలాగే అడిగి చూశాం."

బల్ల చుట్టూ చిన్న నవ్వు పాకింది. ఆ సభ్యుడు కూడా నవ్వేశాడు.

బిల్లు రాసిన అధికారిని పిలిచారు. ఆయన కాగితాలు అటూఇటూ తిరగేసి, భాష సాపు చేస్తున్నప్పుడు మారిందని, దాని అర్థం ఇంతదూరం పోతుందని అనుకోలేదని ఒప్పుకున్నాడు.

అధ్యక్షురాలు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "అంతా బాగానే ఉందమ్మాయ్. కానీ ముసాయిదా బయటికొచ్చి ఇరవైమూడు రోజులైంది. ఇదే పనిగా పెట్టుకున్న సంస్థ మీది. ఆఖరిరోజున పరిగెత్తుకొచ్చారేం?"

"మా..." అని మొదలుపెట్టింది ఆమె.

కుర్చీ జరిగిన చప్పుడైంది. అతను లేచాడు.

"వీళ్ళ తప్పు కాదండి. నేను ఇంజనీర్ని. మా ఏఐ దీన్ని మొదటిరోజే పట్టుకుంది. ఒక్క మాట మారితే చిన్న మార్పని నేనే ఫిల్టర్ పెట్టాను. నేను చెప్పినట్టే విని అది దాచింది. నేను పందొమ్మిది రోజులు చూసుకోలేదు. ఫిల్టర్ ఇప్పుడు తీసేశాను. ఇకమీద ఏది చిన్నదో మనిషి చూసి చెప్పాలి, మిషన్ కాదు."

అధ్యక్షురాలు అతన్ని కాసేపు చూసింది.

"తప్పు నాదని ఈ గదిలో ఒకరు లేచి చెప్పడం నేను చూసి చాలా కాలమైంది. కూర్చో," అంది. తర్వాత తన ముందున్న కాగితంలో ఒక మాట కొట్టేసి, ఒక మాట రాసి, అటూఇటూ ఉన్న సభ్యులకి చూపించింది. ఒక్కొక్కరే తలూపారు. పద్నాలుగో సెక్షన్లోకి 'లేదా' తిరిగొచ్చింది.

*

బయట మెట్లమీద సన్నటి తుంపర. ఆమె నాన్న చొక్కా పైగుండీ విప్పుకుని గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. పెద్దాయన ఆయన చెయ్యి పట్టుకుని ఊపి, ఆఫీసులో వాళ్ళకి కబురు చెప్పాలంటూ హడావుడిగా వెళ్ళిపోయారు.

బస్సు వచ్చింది. నాన్న ఎక్కబోతూ వెనక్కి తిరిగాడు.

"షాపు తియ్యాలి, నే పోతా. మీరిద్దరూ నడిచి రండి." ఒక్క క్షణం ఆగాడు. "మెల్లగానే రండి. తొందరేం లేదు."

బస్సు కదిలిపోయింది. ఇద్దరూ ఆ బస్సు వెళ్ళినవైపే చూస్తూ నిలబడ్డారు. తర్వాత నడిచారు. చెట్లకింద తుంపర తెలీట్లేదు. తడిసిన రోడ్డు ఆకాశాన్ని కాళ్ళకిందికి తెచ్చింది.

"అంతమంది ముందు ఎందుకు లేచారు? ఆవిడ అడిగింది నన్ను," అంది చివరికి.

"మీరు 'మా పొరపాటే' అనబోయారు కదండీ. ఆ 'మా'లో మీరు లేరు."

"ఉన్నాను. అరుపులు తగ్గించమని గోల పెట్టింది నేను. తగ్గాక పెన్సిల్ బహుమతిచ్చింది నేను. ఈ నాలుగు రోజుల కోపంలో సగం నామీద నాకేనండి. మొయ్యడానికి మీరు దొరికారు."

"మిగతా సగం?"

"మిగతా సగం నిజంగా మీమీదే." ఆమె పక్కకి చూసింది. "కానీ ఆరోజు భోజనాల వేళ, నేను రాకముందు, ఆ తేదీ మార్చెయ్యొచ్చు కదా మీరు? నాకు తెలిసేది కూడా కాదు."

"మార్చొచ్చని అనుకున్నాను కూడానండి. ఒక నిమిషంపాటు."

"ఆ మాట కూడా చెప్పాలా!"

"మీకైతే చెప్పాలనిపించింది."

ఆమె నడక నెమ్మదించింది. ఒక ఆకు మీంచి నీటిబొట్టు అతని మెడమీద పడి లోపలికి జారింది. అతను కదల్లేదు.

"ఇంకో ఆరు రోజుల్లో వెళ్ళిపోతారు కదా?" అడిగింది.

"వేరే ఊళ్ళో పని ఉంది రమ్మంటున్నారు. ఇంకా ఒప్పుకోలేదు."

"ఎందుకని?"

అతను ఆగిపోయాడు. ఇన్నాళ్ళూ గదిలో కర్టెన్‌కి చెప్పుకున్న మాటలన్నీ ఒక్కసారిగా బయటికి తోసుకొచ్చాయి.

"మీరు మిషన్‌కి రాసినవన్నీ నేను రోజూ ఇంటికెళ్ళి మళ్ళీ చదువుతానండి. దానికి నేర్పడానికని చెప్పుకున్నాను. అబద్ధం. నాకోసమే చదువుతాను. ఈ నాలుగు రోజులూ మీరు ఒక్కొక్క ముక్కే రాశారు చూడండి, నాకు అన్నం సయించలేదు. మీరంటే నాకు చాలా ఇష్టమండి. ఇదేమీ సమయం కాదని తెలుసు. అయినా..."

"మరి నేను ఎవరికోసం రాశాననుకున్నారు?"

"ఏది?"

"అవన్నీ. మిషన్ కోసమా? దానికి ఒక్క ముక్క చాలని మొదటిరోజే చెప్పారు కదా మీరు. నిద్రమాత్రలూ, సిగ్గులూ దానికెందుకు?" ఆమె బుగ్గలమీద తుంపరో, ఇంకేదో మెరిసింది. "ఇంత చదివారు. ఆ మాత్రం అర్థం కాలేదా?"

అతనికి చెట్లూ, రోడ్డూ, ఆకాశమూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయినట్టయింది.

"నాకూ ఇష్టమే," అంది ఆమె, చాలా మామూలుగా, కాగితం చదివినట్టు. "ఒక షరతు. ఆ 'అండీ' తీసెయ్యాలి. ఇప్పుడే."

"సరేనండి."

"ఏంటి?"

"సరే... సరే నువ్వు చెప్పినట్టే."

ఆమె పకపకా నవ్వింది. రోడ్డు దాటేటప్పుడు అతని చెయ్యి పట్టుకుంది. దాటాక వదల్లేదు.

బస్సులో ఇరవై నిమిషాల దారికి వాళ్ళకి రెండు గంటలు పట్టింది. షాపు దగ్గరకొచ్చేసరికి తుంపర ఆగిపోయింది. వీధంతా కడిగినట్టుంది. నాన్న లోపల ఒక ముసలాయనకి పవర్ చూస్తున్నాడు. "ఇది బాగుందా తాతా? ఇప్పుడో?" తలెత్తి వీళ్ళిద్దర్నీ, కలిసున్న చేతుల్నీ చూశాడు. మళ్ళీ పనిలో పడ్డాడు, మీసాల కింద నవ్వుకుంటూ.

వెనకగదిలో చక్రం ఆగింది. ఆమె అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వేళ్ళనిండా అద్దాల పొడి. అతన్ని కిందనుంచి పైదాకా తీరిగ్గా చూసింది.

"పందొమ్మిది రోజులు బిల్లు దాచిన అబ్బాయివి నువ్వేనా?"

"అవునండి. నేనే."

"మా పిల్ల నిన్ను మా దగ్గర మూడు నెలలు దాచింది," అంది అమ్మ. "సరిపోయారు ఇద్దరికిద్దరూ. కాళ్ళు తుడుచుకుని లోపలికి రండి."